పసుపు పడ్డప్పుడు ఆగాలా, పోవాలా?

తమ్మీ, నువ్వు అడిగినవి మూడు. కాజీపేట నుంచి హన్మకొండ వస్తుంటే ఒక చౌరస్తా కాడ పసుపు పడింది, బ్రేక్ కొడితే వెనక బస్సు మీదికొచ్చేటట్టుంది, కొట్టకుండా పోతే కెమెరా ఫొటో తీసి చలానా వచ్చింది, ఇందులో తప్పెవరిది? టైమర్ ఉన్న దగ్గర ఇంకా 5 సెకన్లు ఉండగానే జనం బండ్లు ఎందుకు లేపుతారు? అసలు ఈ టైములు ఎవరన్నా లెక్కగట్టి పెడతారా, చేతికొచ్చినట్టు పెడతారా? చౌరస్తాల డిజైన్, సిగ్నల్ టైమింగ్ చూడటమే నా పని కాబట్టి కొంచెం వివరంగానే రాస్తా. మొదటి ప్రశ్నకే ఎక్కువ చోటు పడుతుంది. మిగతా రెండింటికి సగం జవాబు అందులోనే ఉంది.

పసుపు పడిన క్షణాన నీ బండి స్టాప్ లైన్‌కి ఎంత దూరంలో ఉంది, ఎంత స్పీడులో ఉంది అన్నదే ఇక్కడ మొత్తం లెక్క. గంటకు 50 కిలోమీటర్లంటే సెకనుకు దాదాపు 14 మీటర్లు. పసుపు కంటబడి, ఆగాలని అనుకొని, కాలు బ్రేక్ మీదికి పోయేసరికి ఒక సెకను అని డిజైన్‌లో పట్టుకుంటాం. అంటే బ్రేక్ పడకముందే 14 మీటర్లు అయిపోయాయి. తర్వాత టైరు జారకుండా, వెనక కూర్చున్న మనిషి నీ మీద పడకుండా ఆగాలంటే ఇంకో 32 మీటర్లు కావాలి. మొత్తం 46. ఇప్పుడు పసుపు 3 సెకన్లే అనుకో. అదే స్పీడులో పోతే ఆ 3 సెకన్లలో నువ్వు పోయేది 42 మీటర్లు. లైన్‌కి 46 మీటర్ల కంటే దూరంలో ఉంటే సుఖంగా ఆగుతావు, 42 కంటే దగ్గరుంటే ఎరుపు పడకముందే లైన్ దాటేస్తావు. ఆ మధ్యలో 44 మీటర్ల దగ్గర దొరికినవాడి సంగతేంటి? పద్ధతిగా ఆగలేడు, పద్ధతిగా దాటనూ లేడు. ఏది చేసినా తప్పే.

50 మీద ఈ ముక్క 4 మీటర్లే, పెద్దగా పట్టించుకోనక్కర్లేదు. స్పీడు 60కి పెంచి చూడు. ఆగడానికి 63 మీటర్లు కావాలి, 3 సెకన్లలో పోయేది 50. మధ్యలో 13 మీటర్లు, అంటే మూడు కార్ల పొడవు. ఇక నిండుగా జనం నిలబడ్డ బస్సు గాని, లోడు లారీ గాని అంత గట్టిగా బ్రేక్ కొట్టలేవు. 50 మీద వస్తున్నా వాటికి 62 మీటర్లు పడుతుంది. అంటే ఆ డ్రైవర్‌కు ఎటూ కాని ముక్క 20 మీటర్లు. వాన పడి రోడ్డు తడిగా ఉంటే మనందరి లెక్కా లారీ లెక్కకే దిగుతుంది.

దీన్ని కొత్తగా కనిపెట్టింది నేను కాదు. 1960లోనే అమెరికాలో జనరల్ మోటార్స్ పరిశోధకులు గాజిస్, హెర్మన్, మరదుదిన్ ఈ లెక్క కట్టి, చట్టం తెలిసి, నిజాయితీగా నడిపే డ్రైవర్ కూడా పసుపు టైము తక్కువైతే చట్టం తప్పక తప్పదని చూపించారు. అప్పటి నుంచే దీన్ని డైలమా జోన్ అంటున్నాం. వాళ్ల లెక్క నుంచి వచ్చిన సూత్రం చాలా తేలిక: ఒక సెకను, దానికి నీ వేగాన్ని బ్రేక్ పట్టుకు (బ్రేక్ సెకనుకు ఎంత వేగం తగ్గిస్తుందో దానికి) రెట్టింపుతో భాగిస్తే వచ్చింది కలుపు. 50కి 3.3 సెకన్లు, 60కి 3.8 వస్తుంది. బస్సులు, లారీల పట్టు తీసుకుంటే 50కే నాలుగున్నర. జర్మనీలో ఇదంతా గుండుగుత్తగా చేసి 50 స్పీడు రోడ్డుకు 3, 60కి 4, 70కి 5 సెకన్ల పసుపు పెడతారు. బ్రిటన్‌లో మాత్రం ఎక్కడైనా 3 సెకన్లే. మన దగ్గర బజారు మధ్యలో ఉన్న చౌరస్తాకూ, ఖాళీగా దొరికితే 60 దాటే హైవే ముక్కకూ ఒకే 3 సెకన్లు పెట్టేస్తే ఆ రెండో దగ్గర జనం సిగ్నల్ జంప్ చేస్తున్నట్టే కనపడుతుంది. అందులో కొందరిని జంప్ చేయించింది ఆ పసుపే.

మరి పసుపు 6 సెకన్లు పెడితే పోలా అని అడుగుతావు. పోదు. రోజూ అదే దారిలో పోయేవాడు వారంలో పసిగడతాడు, ఇక్కడ పసుపు చానాసేపు ఉంటుందని. అప్పుడు పసుపు గ్రీన్‌కు తోకగా మారిపోతుంది. ఒక సెకను పెంచినచోట రెడ్ దాటేవాళ్లు బాగా తగ్గుతారని కొన్ని దేశాల్లో చూశారు. అక్కడితో ఆపాలి. మిగతా భద్రత ఆల్ రెడ్‌తో తెచ్చుకోవాలి, అంటే అన్ని వైపులా ఒకేసారి ఎరుపు ఉండే ఒకటి రెండు సెకన్లు. పసుపు చివర్లో లైన్ దాటినవాడు చౌరస్తా అవతలికి చేరడానికే అది. 30 మీటర్ల వెడల్పు చౌరస్తాను 50 మీద పోయే కారు రెండు సెకన్ల పైచిలుకులో దాటుతుంది, 25 మీద పోయే స్కూటీకి నాలుగు సెకన్ల పైనే కావాలి. సైకిల్ సంగతి, తోపుడు బండి సంగతి చెప్పనక్కర్లేదు. ఆల్ రెడ్ లేని చౌరస్తాలో పక్కనుంచి గ్రీన్ పడగానే దూసుకొచ్చేవాడికి ఈ స్కూటీనే అడ్డం దొరుకుతుంది.

ఇప్పుడు నీ వెనక బస్సు దగ్గరికి వద్దాం. నీ స్పీడు 30 అనుకుందాం, ఆఫీసు టైములో అంతకంటే ఎక్కువ పోలేవు. 30 మీద ఆగడానికి 20 మీటర్లు చాలు, 3 సెకన్లలో 25 మీటర్లు పోవచ్చు. అంటే లైన్‌కి 20, 25 మీటర్ల మధ్యలో ఉన్నవాడికి రెండు దారులూ తెరిచే ఉన్నాయి, ఆగొచ్చు, పోనూ వచ్చు. వినడానికి హాయిగా ఉంది గాని అసలు తిరకాసు ఇక్కడే. ముందున్నవాడు ఆగుదామనుకుంటాడు, వెనకవాడు ఇద్దరం పోతున్నాం గదా అనుకుంటాడు. ఇద్దరి లెక్కా కరెక్టే, గుద్దుకుంటారు. అందుకని పసుపు పడగానే ముందు కాదు, అద్దంలో వెనక చూడమంటాను. వెనక బస్సు అంటుకొని వస్తుంటే, నువ్వు లైన్‌కి దగ్గరుంటే, పోవడమే మంచిది. పసుపు అంటే ఆగమనే అర్థం, సందేహం లేదు. భద్రంగా ఆగలేనంత దగ్గరికి వచ్చేసినవాడికి మాత్రం దాటే వెసులుబాటు ఉంది, ఆ వెసులుబాటు ఇలాంటి సందర్భానికే.

చలానా విషయం. రెడ్ జంప్ చేయడాన్ని 2019 సవరణలో మోటారు వాహనాల చట్టం 184వ సెక్షన్ కింద, అంటే ప్రమాదకరమైన డ్రైవింగ్ కింద చేర్చారు. చిన్న విషయంగా తీసుకోకు. కానీ నేరం ఎప్పుడవుతుందో చూడు: ఎరుపు పడ్డాక లైన్ దాటితే. ఎరుపు పడేనాటికే లైన్ దాటి చౌరస్తా మధ్యలో ఉన్నవాడిది జంప్ కాదు. అందుకే ఒక్క ఫొటోతో ఏమీ తేలదు. ఎరుపు వెలుగుతుండగా ముందు చక్రం లైన్‌కి ఇవతల ఉన్న ఫొటో ఒకటి, అవతల ఉన్న ఫొటో ఒకటి, రెండూ ఉండాలి. నీ చలానాలో ఉన్న ఫొటో తీసి చూడు. రెండూ ఉంటే కట్టేసెయ్. చౌరస్తా నడుమ ఉన్నది ఒక్కటే ఉంటే అభ్యంతరం పెట్టు.

కెమెరాల మీద నాకు పేచీ లేదు, పసుపు సరిచేయకుండా కెమెరా బిగించడం మీదే పేచీ. అమెరికాలో 2005లో కేంద్ర హైవే శాఖ 132 కెమెరా చౌరస్తాలు పరిశీలించి లెక్క తీసింది. పక్కనుంచి వచ్చి గుద్దే ప్రమాదాలు దాదాపు 25 శాతం తగ్గాయి, వెనకనుంచి గుద్దేవి దాదాపు 15 శాతం పెరిగాయి. ఫైన్ భయంతో ముందువాడు ఒక్కసారిగా బ్రేక్ కొడుతున్నాడు మరి. పక్కనుంచి తగిలే దెబ్బే ప్రాణాలు ఎక్కువ తీస్తుంది కాబట్టి మొత్తం మీద లాభమే. కానీ మన రోడ్డు మీద వెనకనుంచి తగిలేది కారుకు కాదు, బైకుకు. ఆ 15 శాతాన్ని మనం అమెరికావాళ్లంత తేలిగ్గా తీసుకోలేం.

ఇక టైమర్. నాలుగు బైకులు జీబ్రా మీదికెక్కి నిలబడి ఉంటాయి. 8, 7 దాకా కాళ్లు కింద, ఫోన్లు చేతుల్లో. 6 రాగానే స్టార్టర్లు. 5కి గేరు. 3కి ముందు చక్రం జీబ్రా దాటుతుంది, 2కి వెనకనుంచి హారన్ మొదలవుతుంది, సున్నా వచ్చేసరికి మొదటి వరుస చౌరస్తా మధ్యలో ఉంటుంది. అంతకు కొన్ని సెకన్ల ముందే అడ్డ రోడ్డు మీద వచ్చేవాడు తన గ్రీన్ టైమర్‌లో 3 చూసి, దొరుకుతుందిలే అని యాక్సిలరేటర్ తిప్పుతాడు. ఒకే అంకె ఇద్దరికీ తొందరే నేర్పింది. ఇద్దరూ కలిసేది ఆ ఆల్ రెడ్ రెండు సెకన్లలో. అది కూడా లేకపోతే ఏమవుతుందో ఊహించుకో.

అట్లాగని టైమర్ మొత్తం చెడ్డదనను. ఎరుపు టైమర్ వల్ల మనిషికి నిమ్మళం ఉంటుంది, 90 అని కనపడితే ఇంజన్ ఆపుకుంటాడు, పెట్రోల్ మిగులుతుంది, గ్రీన్ పడగానే కదలడంలో ఆలస్యం తగ్గుతుంది. గ్రీన్ టైమర్ వల్ల మాత్రం నాకు ఒక్క లాభమూ కనపడదు. నన్నడిగితే గ్రీన్‌కు టైమర్ పీకేయాలి, ఎరుపుకు ఉంచి చివరి 5 సెకన్లు అంకెలు ఆర్పేయాలి. అప్పుడు బండి స్టార్ట్ చేసుకుంటాడు గాని ఏ క్షణాన కదలాలో దీపం చూసే తెలుసుకోవాలి. బ్రిటన్‌లో గ్రీన్‌కు ముందు ఎరుపు, పసుపు కలిసి 2 సెకన్లు వెలుగుతాయి, సిద్ధం కమ్మని. మన జనానికి అది కూడా పచ్చజెండాలానే కనపడుతుందని నా భయం.

ఇంకో మాట. బండ్ల రద్దీని కెమెరాతోనో, రోడ్డు కింద తీగతోనో పసిగట్టి టైము తనే మార్చుకునే సిగ్నళ్లకు టైమర్ అసలు పొసగదు. గ్రీన్ ఇంకెంతసేపు ఉంటుందో ఆ మిషన్‌కే ముందు తెలియదు, అంకె ఏం చూపిస్తుంది? టైమర్ 12 నుంచి ఒక్కసారి 4కి దూకితే చెడిపోయిందని జనం తిట్టుకుంటారు. చాలాసార్లు అది చెడిపోలేదు, పని చేస్తోంది.

ముందుకొచ్చి నిలబడటం మీద అందరూ జనాన్నే అంటారు. సిగ్నల్ స్తంభం ఎక్కడ పెట్టారో కూడా చూడాలి. యూరప్‌లో చాలా దేశాల్లో దీపాలు స్టాప్ లైన్ దగ్గరే ఉంటాయి, అవతలి ఒడ్డున ఉండవు. లైన్ దాటి నిలబడ్డావా, నీకు దీపమే కనపడదు, మెడ వెనక్కి తిప్పి చూడాలి. చెప్పకుండానే అందరూ లైన్ వెనకే ఆగుతారు. మన దగ్గర అవతలి ఒడ్డున దీపం ఉంటుంది కాబట్టి ఎంత ముందుకు జరిగినా కనపడుతూనే ఉంటుంది. ఆ పద్ధతి ఇక్కడ పెడితే నడుస్తుందా అంటే, వెనకున్నవాళ్ల హారనే ముందువాళ్లకు సిగ్నల్ అవుతుందేమో! అయినా ఒక చౌరస్తాలో పెట్టి చూడదగ్గ పనే.

కాజీపేట నుంచి పొద్దున హన్మకొండ వైపు వచ్చేవాళ్లకు సూర్యుడు ఎదురుగా ఉంటాడు, అది కూడా మర్చిపోవద్దు. దీపం మీద ఉండే రేకు టోపీ అందుకే. అది ఊడిపోయిన చోట, ఫ్లెక్సీ కట్టిన చోట, చెట్టు కొమ్మ అడ్డమొచ్చిన చోట డ్రైవర్ దీపాన్ని చూడడు, పక్క బండి కదలికను చూస్తాడు. పక్క బండివాడు ఇంకొకణ్ని చూస్తుంటాడు.

మూడో ప్రశ్న, లెక్క ఉంటుందా అని. ఉంటుంది. 1958లో బ్రిటన్‌లో వెబ్‌స్టర్ ఇచ్చిన సూత్రమే ఇప్పటికీ పునాది, 1985లో వచ్చిన మన ఐఆర్‌సీ 93, అంటే సిగ్నళ్ల మీద ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ (ఐఆర్‌సీ) ఇచ్చిన మార్గదర్శక పుస్తకం కూడా దాని మీదే నిలబడింది. ఒక్కో వైపు గ్రీన్ మారినప్పుడల్లా కదలడానికి, ఆగడానికి కలిపి దాదాపు 4 సెకన్లు వృథా. మన చౌరస్తాల్లో నాలుగు వైపులా విడివిడిగా వదిలితే వృథా 16. దాన్ని ఒకటిన్నర రెట్లు చేసి 5 కలిపితే 29. రోడ్డు తట్టుకునే దాంట్లో 70 శాతం రద్దీ ఉంటే మిగిలిన 30 శాతంతో భాగించు, 97 సెకన్లు వస్తుంది. నాలుగు వైపులా ఒక చుట్టు తిరగడానికి పట్టే టైము అది. రద్దీ 80 శాతమైతే 145 సెకన్లు. 90 అయితే 290, అంటే సూత్రం చేతులెత్తేసిందని అర్థం. అదే చౌరస్తాను రెండు విడతలుగా వదలగలిగితే 70 శాతానికి 57 సెకన్లు చాలు. కుడి మలుపులు ఎక్కువ ఉన్నచోట అది కుదరదు, అందుకే కొన్నిచోట్ల కుడి మలుపు మూసేసి ముందుకు పోయి యూటర్న్ తీసుకోమంటారు. జనం తిడతారు గాని లెక్కలో దానికి న్యాయముంది.

ఎరుపు రెండు నిమిషాలకు దగ్గరైతే మనిషి ఓపిక తప్పుతుంది. దీపం వదిలి అడ్డ రోడ్డు ఖాళీగా ఉందా అని చూడటం మొదలుపెడతాడు. చుట్టు 120 నుంచి 180కి పెంచితే వృథా 13 శాతం నుంచి 9కి తగ్గుతుంది, అంతే. ఆ 4 శాతం కోసం అందరి ఓపికా ఖర్చు పెట్టడం నాకు నచ్చదు. నడిచేవాళ్ల సంగతి అసలే ఎవరికీ గుర్తుండదు. 14 మీటర్ల రోడ్డు దాటడానికి మామూలు మనిషికి 12 సెకన్లు కావాలి. ఎంజీఎం ఆసుపత్రి ముందు టిఫిన్ గిన్నె ఒక చేత, పెద్దమనిషి చెయ్యి ఒక చేత పట్టుకొని దాటేవాళ్లకు పదిహేను దాటుతుంది. వాళ్లకు విడిగా ఆ పదిహేను ఇవ్వకపోతే వాళ్లు చేయి అడ్డం పెట్టుకుంటూనే దాటుతారు, ఇంకో దారి లేదు.

లెక్క కాగితం మీద కరెక్టుగా ఉన్నా చౌరస్తా దగ్గర ఎందుకు చెడుతుందో చెప్తా. బయట దేశాల్లో లేన్లు లెక్కపెడతారు. మనకు లేన్లు లేవని ఐఆర్‌సీ రోడ్డు వెడల్పును తీసుకుంది: వెడల్పు రోడ్లలో మీటరుకు, గంట గ్రీన్‌కు 525 కార్లతో సమానమైన బండ్లు. 7 మీటర్ల దారికి 3,675, అంటే దాదాపు సెకనుకు ఒక కారు. 30 సెకన్ల గ్రీన్‌లో 30 కార్లు పోవాలి. ఇప్పుడు ఒక షేర్ ఆటో స్టాప్ లైన్ పక్కనే ఆగి ములుగు రోడ్, ములుగు రోడ్ అని పిలుస్తోంది అనుకో. రెండు మీటర్లు పోయాయి, 30లో పోయేది ఇరవై చిల్లర. ప్రతి చుట్టుకూ పదిమంది మిగిలిపోతారు, పది చుట్లకు నూరు. వెనక్కి చూస్తే లైను కిందటి చౌరస్తా దాకా ఉంటుంది, అందరూ సిగ్నల్ టైమును తిడుతుంటారు. బస్టాపు చౌరస్తాకు 75 మీటర్లు దూరం ఉండాలని ఐఆర్‌సీ ఊరికే అనలేదు. లక్షలు పోసి కొత్త కంట్రోలర్ (దీపాలను నడిపే పెట్టె) కొనేకన్నా ఆటోలను యాభై అడుగులు అవతలికి జరిపితే ఎక్కువ లాభం వచ్చే చౌరస్తాలు మన వరంగల్, హన్మకొండ, కాజీపేట మూడు ఊళ్లలో బోలెడు.

మేడారం జాతర రోజుల్లో ములుగు రోడ్డు మీద ఏ సూత్రమూ పనిచేయదు, కానిస్టేబులే చేత్తో నడపాలి, అదే సరైన పని. మామూలు రోజుల్లో కూడా చేత్తో నడిపినప్పుడు ఒక వైపు లైను ఖాళీ అయ్యేదాకా వదలడం అలవాటు. ఆ లైను తృప్తిగా పోతుంది, మిగతా మూడు వైపులా రెండింతలు పేరుకుపోతుంది.

రాత్రి పూట నాలుగు వైపులా పసుపే మినుకుమనేలా పెట్టడం కూడా నాకు నచ్చదు. మినుకు పసుపు అంటే చూసుకొని పో. నలుగురికీ అదే చెబితే అవతలివాడే ఆగుతాడని ఇద్దరూ అనుకుంటారు. పెద్ద రోడ్డుకు మినుకు పసుపు, చిన్న రోడ్డుకు మినుకు ఎరుపు పెడితే ఎవరు ఆగాలో తేలిపోతుంది, ఖర్చు రూపాయి ఉండదు.

నువ్వు చేయగలిగింది ఒకటుంది. ఆ చౌరస్తా దగ్గర ఒక పక్కన నిలబడి ఫోన్‌లో వీడియో తీయి, దీపం, స్టాప్ లైన్ రెండూ పడేట్టు, పొద్దున పది గంటలప్పుడు ఒకసారి, రాత్రి రోడ్డు ఖాళీ అయ్యాక ఒకసారి. వీడియోలో పసుపు ఎన్ని సెకన్లు, నీ పసుపు ఆరిపోయాక అడ్డ రోడ్డుకు గ్రీన్ ఎన్ని సెకన్లకు పడుతుందో లెక్కపెట్టు. పసుపు 3 ఉండి బండ్లు 60 మీద వస్తుంటే, లేదా ఆల్ రెడ్ సున్నా అయితే, ఆ అంకెలతో పోలీస్ కమిషనరేట్ ట్రాఫిక్ విభాగానికి ఒక అర్జీ, కార్పొరేషన్ ఇంజనీరింగ్ విభాగానికి దాని నకలు ఇవ్వు. సిగ్నల్ బాగాలేదని రాస్తే పక్కన పెడతారు. ఏ వైపు, ఏ టైము, పసుపు ఇన్ని సెకన్లు, ఆల్ రెడ్ ఇన్ని సెకన్లు, కావలసింది ఇంత అని రాస్తే కంట్రోలర్‌లో మార్చడం పది నిమిషాల పని.